అడవి పుట్టగొడుగులు: ఏది శాకము, ఏది విషము?

ఈశాన్య ఋతుపవనపు వానలు మొదలై రెండు మూడు రాత్రులు ఉరుములతో కురిసిన పిమ్మట, తెల్లవారుజామున మా చేజర్ల చుట్టుప్రక్కల చిట్టడవిలో నడచివచ్చుట నాకు చిన్ననాటి నుండి అలవాటు. పడమటి దిక్కున దూరముగా వెలిగొండల నీలిరేఖ, ఇటు తుమ్మ, తంగేడు, బలుసు, రేగు పొదలు, నడుమ ఎర్రని పుట్టలు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి కనబడు ఈ నేల ఆ నాలుగు వారములలో గొడుగులు పట్టుకొని నిలుచును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని పల్లెల నుండి తట్టలలో పుట్టగొడుగులు అమ్మకమునకు వచ్చు కాలమది. సంతలో వాటిని చూచి మనసుపడి కొనువారు, పిల్లలతో షికారుకు పోయి తామే కోసి తెచ్చుకొనువారు, ఇరువురూ ఈ పాఠమును శ్రద్ధగా చదువవలెనని నా కోరిక. కారణము ముందు చెప్పుదును.

ఉరుము ఉరిమితే పుట్టగొడుగు పుట్టునని మన పెద్దలు అందురు. నిజమునకు నేల లోపల శిలీంధ్రపు సన్నని దారములు ఏడాది పొడుగునా ఉండనే ఉండును. తగినంత తడి, తగినంత చల్లదనము కలిసిన రాత్రి అవి కాయ కాచును. ఆ కాయయే గొడుగు. మామిడిపండు కోసినందున మామిడిచెట్టు పోనట్లే, గొడుగు కోసినందున నేలలోని శిలీంధ్రము పోదు.

'పుట్టగొడుగు' అను పేరులోనే ఒక శాస్త్రమున్నది. తెలంగాణలో పుట్టకొక్కులందురు, అక్కడను పుట్టయే ముందున్నది. చెదపురుగులు పుట్ట అడుగున తేనెపట్టువంటి గదులు కట్టి, నమిలిన ఆకు, పుల్లల మీద ఒక జాతి శిలీంధ్రమును పెంచును. శాస్త్రజ్ఞులు దానిని టెర్మిటోమైసెస్ అందురు. చెదలకు అది సేద్యము. కట్టెలోని పీచును ఆ శిలీంధ్రము మెత్తపరచును, చెదలు దానిని తినును. వానకు నేల తడిసినప్పుడు ఆ సేద్యములో నుండియే పొడుగైన వేరువంటి కాడ పైకి చొచ్చుకొనివచ్చి గొడుగు విప్పును. ఆ కాడ కొన్నిచోట్ల మూరెడు లోతు వరకు పోవును. ఈ ఒక్క విషయము గుర్తుంచుకొనుడు, తరువాత దీనితో పని ఉన్నది.

ప్రాచీనులు ఏమి చెప్పిరి?

మన వైద్య గ్రంథములు పుట్టగొడుగులను విస్మరించలేదు. చరకుడు సూత్రస్థానములోని అన్నపాన విధి అధ్యాయములో, సర్పచ్ఛత్రకము అనుదానిని వేరుపరచి, తక్కిన ఛత్రజాతులు శీతములు, మధురములు, గురువులు, పీనసమును కలిగించునవి అని చెప్పినాడు. సుశ్రుతుడు వీటిని ఉద్భిదములని పిలిచి, పుట్టినచోటును బట్టి ఐదు విధములుగా విభజించినాడు: గడ్డిమీద పుట్టినవి, చెరకుమీద పుట్టినవి, పిడకల పెంటమీద పుట్టినవి, వెదురుమీద పుట్టినవి, నేలలో పుట్టినవి. గడ్డిమీద పుట్టినది దోషములను శమింపజేయునని, పెంటమీదను, వెదురుమీదను పుట్టినవి వాతమును ప్రకోపింపజేయునని ఆయన మతము. పదహారవ శతాబ్దపు భావమిశ్రుడు తన భావప్రకాశములో వీటిని సంస్వేదజ శాకములన్నాడు. అనగా చెమ్మ, ఉక్క వలన పుట్టినవి. మనుస్మృతి ద్విజులకు ఛత్రాకమును నిషేధించినది కనుక మన అనేక కుటుంబములలో ఇది వంటింట అడుగుపెట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. బుద్ధ భగవానుని చివరి భోజనమైన సూకరమద్దవము ఏమిటన్న చర్చలో, అది పందులు త్రొక్కినచోట మొలచిన అహిఛత్రకమని కొందరు చెప్పుదురని పాళీ వ్యాఖ్యాన గ్రంథమొకటి పేర్కొన్నది. అహి అన్నను సర్పమన్నను ఒకటే. చరకుని సర్పచ్ఛత్రకము, పాళీ అహిఛత్రకము, మన పుట్టగొడుగు, మూడింటను పాము, పుట్ట వచ్చుట నాకు వింతగా తోచును. నాగులచవితికి పాలు పోయ వెళ్ళిన ఆడవారికి పుట్ట ప్రక్కన గొడుగులు కనబడుట మా వైపు సర్వసాధారణమే గదా!

నేను చేసిన పొరపాటు

భావమిశ్రుని మాట నన్నొకసారి తప్పుదారి పట్టించినది. తప్పు ఆయనది కాదు, చదువుకున్న నాది. సంస్వేదజములన్నియు శీతములు, జిగురుగలవి, గురువులు, దోషకరములు, వాంతిని, అతిసారమును, జ్వరమును, శ్లేష్మ రోగములను కలిగించునవి అని చెప్పిన పిమ్మట ఆయన ఒక మినహాయింపు ఇచ్చినాడు: తెల్లనివై, శుభ్రమైన చోటను, కట్టెమీదను, వెదురుమీదను, గోవులు మసలు చోటను పుట్టినవి అంత దోషకరములు కావు. ఈ మాట విద్యార్థి దశలోనే నా మనసున నాటుకొన్నది.

2011 కార్తీక మాసములో ఒక ఉదయము, ఊరి వెలుపల పశువులు మందగట్టు గడ్డినేలలో అన్నము పళ్ళెమంతటి తెల్లని గొడుగులు వలయాకారములో మొలచి ఉండుట చూచినాను. తెల్లనివి, శుభ్రమైన పచ్చిక, గోవులు తిరుగు చోటు. శాస్త్రలక్షణములన్నియు సరిపోయినవి. ఒడినిండ కోసి తెచ్చినాను. మా అమ్మ సందేహించి, ఉడుకుచున్న కూరలో వెండి ఉంగరము వేసి చూచినది. నల్లబడలేదు. చిటికెడు పసుపు వేసినది. రంగు మారలేదు. మిరియాలు, వెల్లుల్లితో కూర ఘుమఘుమలాడినది. రుచి కూడ బాగున్నదనియే చెప్పవలెను. అందరికంటె ఎక్కువ తిన్నది మా తమ్ముని కుమారుడు, తొమ్మిదేండ్లవాడు.

రెండు గంటలు తిరుగకముందే పిల్లవానికి వాంతులు పట్టుకొన్నవి. తరువాత నాకు, తరువాత అమ్మకు. సాయంకాలమునకు పిల్లవాడు నీళ్ళవలె విరేచనములై, కళ్ళు లోతుకుపోయి, "పెదనాన్నా, కాళ్ళు పీకుతున్నాయి" అని మూలుగసాగినాడు. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది, మొదటి గంటన్నర నేను ఇంటి వైద్యముతోనే గడిపినాను. జీలకర్ర కషాయమన్నాను, దానిమ్మ తొక్క అన్నాను. చివరకు ఆటోలో దగ్గరి పట్టణపు ఆసుపత్రికి చేర్చి సెలైను ఎక్కించిన పిమ్మట గాని వాని నాడి నిలకడకు రాలేదు. రెండు రోజులకు అందరము కోలుకొన్నాము.

ఆ రాత్రి డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏమి తిన్నారని కాదు. "ఎన్ని గంటలకు తిన్నారు? ఎన్ని గంటలకు మొదటి వాంతి అయినది?" అని. రెండు గంటలని చెప్పగానే ఆయన ముఖము కొంత తేటపడినది. ఆ తేటదనమునకు కారణము నేను తరువాత తెలుసుకొన్నాను.

పుట్టగొడుగు విషములలో త్వరగా బయటపడునవి పలుమారు కడుపునకే పరిమితమగును. తిన్న గంట మొదలు మూడు గంటలలో వాంతులు, విరేచనములు మొదలై, పోయిన నీటిని తిరిగి ఇచ్చినచో చాలమంది బాగుపడుదురు. ఆలస్యముగా బయటపడునవి వేరు. అమటాక్సిన్లు అను విషముగల గొడుగు తిన్నచో ఆరు గంటలు మొదలు ఇరువదినాలుగు గంటల వరకు ఏమియు తెలియదు. తరువాత వాంతులు, విరేచనములు వచ్చి, ఒక రోజుకు తగ్గిపోవును. రోగి లేచి కూర్చుని ఆకలి అనును. ఇంటివారు గండము గడచినదని దేవునికి మ్రొక్కుకొందురు. సరిగ్గా ఆ సమయముననే కాలేయ కణములు నశించుచుండును. మూడవ, నాల్గవ దినమున కామెర్లు, మగత, రక్తస్రావము కనబడును. ఆ కణములు ప్రాణము నిలుపుకొనుటకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసికొను పనినే ఈ విషము ఆపివేయును. ఉడికించినను, ఎండబెట్టినను, వేయించినను అది చెడదు. మధ్యరకపు గొడుగు ఒక్కటి పెద్దమనిషిని చంపుటకు చాలును. 2022 ఏప్రిల్ మాసములో అస్సాములో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించినారు. వారిలో అనేకులు తేయాకు తోటల కుటుంబములవారు. తరతరాలుగా అడవి కూరలు ఎరిగినవారికే అట్లు జరిగినది.

అయితే త్వరగా వాంతి వచ్చినంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు. ఒకే కూరలో రెండు జాతులు కలిసి ఉండవచ్చును.

అవ్వ చెప్పిన గుర్తు

ఇంటికి వచ్చిన వారమునకు, పుట్టగొడుగులు అమ్ము ఒక యానాది అవ్వను వెంటబెట్టుకొని అదే మందబయలుకు పోయినాను. మిగిలిన గొడుగులను చూచి ఆమె నవ్వినది. "ఇది పుట్టది గాదు సామీ, పేడనేలది. దీనికి యేరు యాడుంది?" అన్నది. "మరి పుట్టది ఎట్లుంటుంది అవ్వా?" అంటే, తుమ్మల మధ్యకు తీసుకొనిపోయి, గడ్డపారతో ఒక గొడుగు చుట్టూ నెమ్మదిగా మన్ను తీసినది. కాడ సన్నబడుచు, దారమువలె, కిందికి కిందికి పోయినది. చివర చెదల గది తగిలిన తరువాతనే ఆమె చేయి ఆపినది.

అవ్వ గుర్తులకు శాస్త్రజ్ఞుల గుర్తులను చేర్చి ఇక్కడ వ్రాయుచున్నాను. అసలు పుట్టగొడుగు టోపీ నడుమ గట్టి మొనవంటి బుడిపె ఉండును. నేలను చీల్చుకొని వచ్చుటకు అది సాధనము. టోపీ బూడిద, గోధుమ, లేక మాసిన తెలుపు వన్నెలో ఉండి, విచ్చినకొలది అంచులు చీలును. అడుగున ఉండు మొప్పలు మొదట తెల్లగా ఉండి, ముదిరినకొలది లేత గులాబి ఛాయకు తిరుగును. కాడ మొదట సంచిగాని గిన్నెగాని ఉండదు. కాడకు కడియము సాధారణముగా ఉండదు, అయితే దక్షిణ భారతమున దొరకు ఒక జాతికి మందమైన కడియము కలదు. చెదలు బయట పారబోసిన పాత గదుల మీద వందలకొలది మొలచు చిన్నరకమొకటి ఉన్నది. అది బటానీ గింజంత, రూపాయి బిళ్ళంత టోపీలతో నేలను కప్పివేయును. దానికి పొడుగు వేరు ఉండదు. వేరు గుర్తు తెలిసినదని మురిసిపోవువారు ఈ మినహాయింపులను కూడ గమనించవలెను.

మమ్ములను పడగొట్టినది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అను జాతి. ఉష్ణదేశములలో పుట్టగొడుగు విషబాధలకు అతి తరచు కారణమిదియే. పచ్చికబయళ్ళలో, పశువుల మందలలో, తోటలలో, బడి మైదానములలో వలయములుగా మొలచును. తెల్లని టోపీ మీద గోధుమవన్నె పొలుసులు నడిమిభాగమున దట్టముగా ఉండును. కాడమీద పైకి కిందికి జరుగు కడియము ఉండును. మొదలు కొంచెము ఉబ్బి ఉండును గాని లోతైన వేరు లేదు. దీని అసలు గుట్టు మొప్పలలో ఉన్నది: లేతగా ఉన్నప్పుడు తెల్లన, ముదిరినపుడు బూడిద కలిసిన ఆకుపచ్చ. నేను కోసినవి లేతవి. లేతవే రుచియని ఏరి మరీ తెచ్చినాను!

ఇక భావమిశ్రుని మాటను మరల తెరచి చూచినాను. తెల్లనివి, గోవులు మసలు చోట పుట్టినవి 'అంత దోషకరములు కావు' అన్నాడే గాని నిర్దోషములనలేదు. దానికి ముందటి పంక్తిలో వాంతి, అతిసారము అని స్పష్టముగా ఉన్నది. మా ఇంట జరిగినది అక్షరాల అదియే. పైగా రంగును, స్థలమును బట్టి వర్గీకరించిన ఆ కాలమున జాతుల భేదము తెలియు సాధనము లేదు. గ్రంథమును గౌరవించుట వేరు, గ్రంథమును పట్టుకొని అడవిలో ఏరుకొనుట వేరు.

గడ్డివాములలో మొలచు వరిగడ్డి పుట్టగొడుగు తినదగినదే. 1943లో కోయంబత్తూరులో దాని సాగునకు మనదేశమున మొదటి ప్రయత్నములు జరిగినవి. కాని దాని మొదట సంచివంటి గిన్నె ఉండును. ప్రాణాంతకమైన ఎమానిటా జాతులకు కూడ అట్టి గిన్నెయే ఉండును. ఈ ఎమానిటాలు చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకొని బ్రతుకునవి. మా పొడి చిట్టడవులలో వాటికి అనువైన చెట్లు తక్కువ. జామాయిలు వేళ్ళకు అట్టి పొత్తులు ఉండును కనుక, ఆ తోటలలో గిన్నెగల తెల్లగొడుగు కనబడినచో కోయవద్దు. చిన్నవి, పొలుసులుగలవి, అరచేతిలో నాలుగు పట్టునవి అయిన లెపియోటా జాతులలో కొన్నింటికి కూడ కాలేయమును చంపు అదే విషమున్నది. పెద్ద గొడుగుల ప్రక్కన వీటిని పిల్లలు ముచ్చటపడి కోయుదురు. పేడ మీద మొలచు నల్లసిరా గొడుగులు, మతి చలింపజేయునవి గురించి విస్తరించను. అవి కూర చేసుకొనదగినవి కావని చెప్పిన చాలును.

ముద్ర తీయు విధము

గొడుగుల మొప్పల నుండి రాలు సిద్ధబీజముల రంగు జాతిని బట్టి మారును. ఇది ఇంటనే చూడదగిన పరీక్ష. విచ్చిన గొడుగు కాడను టోపీ దాకా కోసివేసి, సగము తెల్లని, సగము నల్లని కాగితము మీద మొప్పలు కిందికి ఉండునట్లు బోర్లించి, పైన గాజుగ్లాసుగాని గిన్నెగాని మూసి, ఒక రాత్రి కదపకుండ ఉంచవలెను. తెల్లవారి ఎత్తి చూచిన మెత్తని పొడితో మొప్పల అచ్చు పడి ఉండును. పుట్టలో పుట్టినదైతే లేత గులాబి ఛాయ. వరిగడ్డి రకమునకు గులాబి. క్లోరోఫిల్లమునకు మాసిన ఆకుపచ్చ. ఎమానిటాకు తెలుపు. గుండీ పుట్టగొడుగు బంధువులకు చాక్లెట్ రంగు.

గులాబి వచ్చినది గనుక తినవచ్చునని ఎవరైన అనుకొన్నచో నా పాఠము వ్యర్థమైనట్లే. గులాబి ముద్ర పడు విషజాతులు కూడ కలవు. ఈ పరీక్షలన్నియు వద్దని పారవేయుటకు పనికివచ్చును, సరేనని తినుటకు కాదు. ఒక్క గుర్తు తప్పినను పారవేయుడు. అన్నియు కుదిరినను, ఆ జాతిని ఆ నేలమీద ఏండ్ల తరబడి ఏరినవారు చేతితో పట్టుకొని చెప్పనిదే వండవద్దు. మరొక సంగతి: పెనుశిల నరసింహ అభయారణ్యము వంటి రక్షిత అడవులలో అనుమతి లేక ఏమియు కోయరాదు. అక్కడ చూచి ఆనందించుటయే.

వెండి, పసుపు, బియ్యము

అమ్మ వేసిన వెండి ఉంగరము మన దేశములోనే కాదు, ఐరోపాలో కూడ శతాబ్దములుగా నమ్మిన పరీక్షయే. వెండి గంధకపు సంబంధముగల ఆవిరులకు నల్లబడును. కోడిగ్రుడ్డుకు కూడ నల్లబడును. ఈ గొడుగు విషములు వెండిని ఏమియు చేయవు. పసుపు మారుట, బియ్యము ఎర్రబడుట, వెల్లుల్లి నల్లబడుట, అన్నియు ఇట్టివే. పురుగు కొరికిన గొడుగు మనిషికి క్షేమమన్నది మరింత ప్రమాదకరము. నత్తలు, పురుగులు మనకు మృత్యువైన గొడుగులను హాయిగా తినును. విషము చేదుగా ఉండునన్న మాట కూడ నమ్మవద్దు. రుచి ఎట్లుండెనో పైన చెప్పినాను.

పొరపాటు జరిగినచో

తిన్నవారిలో ఒక్కరికి బాధ మొదలైనను తిన్నవారందరును ఆసుపత్రికి పోవలెను. 108కి ఫోను చేయవలెను. తిన్న సమయము, మొదటి వాంతి సమయము కాగితము మీద వ్రాసికొని వెళ్ళవలెను. మిగిలిన కూర, వండని గొడుగు, పారవేసిన కాడ, ఏది దొరికిన అది కాగితములో చుట్టి తీసుకొనిపోవలెను. ప్లాస్టిక్ సంచిలో అది గంటలలో కుళ్ళిపోవును. ఉప్పునీళ్ళు త్రాగించి, గొంతులో వేలుపెట్టి వాంతి చేయించరాదు. వమనము మన పంచకర్మలలో ఒకటి కదా అని నన్నొక మిత్రుడు వాదించినాడు. వమనమునకు పూర్వకర్మ ఉన్నది, అర్హతా పరీక్ష ఉన్నది. నీరసించి, స్పృహ తప్పబోవు పిల్లవానికి బలవంతపు వాంతి ఊపిరితిత్తులలోకి పోవు అపాయమున్నది. దారిలో స్పృహ ఉన్నంతవరకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్దికొద్దిగా పట్టవచ్చును. కషాయములు, ఆముదము, కాలేయమునకు మంచిదను ఆకు పసరులు, ఏవియు ఆ గంటలో వలదు. నా గంటన్నర ఆలస్యమును తలచుకొన్నప్పుడెల్లను, అది అమటాక్సిన్ గల గొడుగై ఉన్నచో ఏమయ్యెడిదో అని నాకు ఇప్పటికిని నిదుర పట్టదు.

బాధ తగ్గినదని మరునాడు ఇంటికి వచ్చివేయరాదు. ఆరు గంటల తరువాత మొదలైన కేసులలో కాలేయ పరీక్షలు వరుసగా కొన్ని రోజులు చేయించవలసి ఉండును.

పుట్టగొడుగు రుచి మానలేనివారికి సాగుచేసిన గుండీ, పాల, ముత్యపుచిప్ప రకములు ఇప్పుడు చిన్న పట్టణములలో కూడ దొరకుచున్నవి. ఇవి గురువులు, శీతములు కనుక, వానాకాలమున జఠరాగ్ని మందగించినపుడు రాత్రి భోజనమున వద్దు. పగటిపూట, మిరియాలు, అల్లము, వెల్లుల్లి చేర్చి, బాగుగ ఉడికించి, కొద్దిగా తినవలెను. పీనసము, అజీర్తి ఉన్నవారు కొన్నాళ్ళు మానుట మేలు.

మా అమ్మ మాత్రము ఆనాటి నుండి ఏ రకమును ఇంటిలోనికి రానీయదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగస్థుడు. సెలవులకు వచ్చినపుడు నాతో నడకకు వచ్చును, గొడుగు కనబడగానే కూర్చుని మన్ను తీసి వేరు ఎంత లోతుకు పోయినదో చూచును, తిరిగి మన్ను కప్పి లేచును.